వరాహదుర్గం గొలుసు

మకరపురి రేవును మొదటిసారి సముద్రం మీంచి చూసినవాడెవడైనా ఒక్క క్షణం తెడ్డు వేయడం మరిచిపోతాడు. ఉత్తరాన ఎర్రరాతి కొండకొమ్ము మీద సింహదుర్గం, జూలు విదిల్చి కూర్చున్న మృగరాజులా బురుజులు విప్పుకుని ఉంటుంది. దక్షిణాన, నీళ్ళలోకి మూతి చాపిన నల్లరాతి దిబ్బ మీద వరాహదుర్గం. దాని గోడలకు కొట్టుకున్న ప్రతి అల నురగలు కక్కి వెనక్కి పడుతుంది. ఈ రెండింటి నడుమ ఉన్న సన్నని నీటిదారే రేవుకు వాకిలి. ఆ దారి అడుగున, ఒక్కో కడియం ఏనుగు కాలంత లావుండే ఇనుప గొలుసు ఇసుకలో పడుకుని ఉంటుంది. వరాహదుర్గంలోని చక్రం తిప్పితే గొలుసు నీటి మీదికి లేస్తుంది. అది లేచిందంటే యుద్ధనౌకే కాదు, చేపల పడవ కూడా లోపలికి రాలేదు. లోపల తెరచాపల అడవి, మిరియాల గాలి, ఎండలో కళ్ళు చెదరగొట్టే మేడల కలశాలు, వేలాది జనం. వాళ్ళందరి నిద్రకూ ఆ గొలుసే కాపలా.

శంపాలత వరాహదుర్గంలోనే పుట్టింది. దుర్గపాలకుడు బద్దె నాయకుడికి ఒక్కగానొక్క కూతురు. నడక ఆ కోటగోడల మీద నేర్చుకుంది, ఈత ఆ గోడల కింద నేర్చుకుంది. అలాంటిది, ఆ ఉదయం తన కోటను ఎదురుగట్టు మీద నిలబడి పరాయిదానిలా చూడవలసి వచ్చింది.

"మళ్ళీ ఊదండి!" అన్నాడు యువరాజు అరుణకేతు.

సింహదుర్గం బురుజు మీద యుద్ధపు కొమ్ము మరోసారి ఘూర్ణిల్లింది. గొలుసు ఎత్తమని సంకేతం. దక్షిణపు గట్టు నుంచి జవాబు లేదు. దూరాన, నీళ్ళూ ఆకాశమూ కలిసేచోట పొద్దున చీమలబారులా కనిపించిన నల్లని తెరచాపలు ఇప్పుడు గద్దల గుంపంత అయ్యాయి. శరభద్వీపం నౌకాదళం పోటునీటిని ఆసరా చేసుకుని వస్తోంది.

"వాళ్ళు ఎత్తరు యువరాజా," అంది శంపాలత. తడి ఆరని జుట్టును ముడివేసుకుంటూ ఆమె కోట మీంచి చూపు తిప్పలేదు. "అక్కడ ఆజ్ఞలిస్తున్నది మా నాన్నగారు కాదు."

కొద్ది రోజుల కిందట బద్దె నాయకుడు వేటకని మడ అడవుల్లోకి వెళ్ళి ఒంటరిగా తిరిగివచ్చాడు. అదే ముఖం, చెంప మీద అదే కత్తిగాటు, అదే ఖంగుమనే గొంతు. కాని ఉప్పు వేసిన వంటకం వాసన తగలగానే కంచం గోడకేసి కొట్టాడు. అల తుంపర పడే బురుజు వైపు వెళ్ళడమే మానేశాడు. "నాన్నగారూ, ఏమైంది మీకు?" అని అడిగిన పాపానికి కూతురిని గదిలో వేసి తాళం పెట్టించాడు. శంపాలత తుప్పుపట్టిన కిటికీ కమ్మీని ఊడబెరికి, సముద్రంలోకి దూకి, ఈదుకుంటూ సింహదుర్గం చేరింది. మహారాజు సేనలతో తూర్పు సరిహద్దుకు పోయాడు. నగర రక్షణ భారమంతా యువరాజు భుజాల మీద ఉంది. ఆమె చెప్పింది విని అతడు తల పంకించాడు.

"వాడు ధూమకంఠుడు," అన్నాడు. "ఈ మాంత్రికుడి కోసం మూడు రాజ్యాలు గాలించాను. పొగలా మారతాడు, పరుల రూపం తొడుక్కుంటాడు. ఉప్పు తగిలిందా, వాడి మాయ కరిగిపోతుంది. ఒక్క మాట గుర్తుంచుకో శంపాలతా, చచ్చినవాడి రూపం వాడికి అంటదు. వాడు మీ నాన్నగారి ముఖంతో తిరుగుతున్నాడంటే, ఆయన ఎక్కడో బతికే ఉన్నారు."

శంపాలత కళ్ళు ఒక్కసారి తళుక్కుమన్నాయి. అంతలోనే ఆ తళుకును అణచుకుంది.

"సైన్యంతో కోట మీదికి వెళితే?" అన్నాడు యువరాజు, తనను తానే అడుగుతున్నట్టు.

"మనవాళ్ళ కత్తులు మనవాళ్ళ మీదే పడతాయి. వాళ్ళకు ఆయన మా నాన్నగారే కదా? పోట్లాట ముగిసేసరికి శత్రువులు రేవులో వంట చేసుకుంటుంటారు." ఆమె సింహదుర్గం కింద ఊగుతున్న వెడల్పాటి పడవను చూపించింది. "నల్లదిబ్బ మీద మంచినీళ్ళు పడవు. రోజూ ఆ పడవలో తోలుతిత్తులతో నీళ్ళు వెళతాయి. ఇవాళ ఆ తిత్తులు మనం మోద్దాం."

అరుణకేతు తన కిరీటం తీసి దళపతి చేతిలో పెట్టాడు.

*

ఎండ నడినెత్తికి వస్తుండగా నీళ్ళపడవ వరాహదుర్గం మెట్లకు తగిలింది. ముందు దిగిన మోటువాడికి మొలకు గోచీ, నెత్తికి చింకిపాగా, ఒళ్ళంతా బూడిద. కన్నతల్లి అయినా అతడిని మకరపురి యువరాజని పోల్చుకోలేదు. వెనక దిగిన వాడు తలకు పాగా చుట్టి, ముఖానికి మసి పూసుకుని, తిత్తి బరువుకు నడుము వంచి నడుస్తున్నాడు. ఆ మసి కింద శంపాలత ఉంది. యువరాజు తిత్తిలో మంచినీళ్ళు. ఆమె తిత్తిలో, దారిలో పడవ అంచు నుంచి ముంచుకున్న సముద్రపు నీళ్ళు.

గవని దగ్గర తాటన్న ఈటె అడ్డం పెట్టాడు. ఆ వాకిలి కాస్తూనే జుట్టు నెరిసిన మనిషి. శంపాలత పసిపిల్లగా ఉన్నప్పుడు భుజం మీద కూర్చోబెట్టుకుని కోటంతా తిప్పింది అతడే.

"ఆగండ్రా! కొత్త ముఖాలు. రోజూ వచ్చే ముత్తిగాడేడీ?"

"జ్వరమయ్యా," అన్నాడు యువరాజు గొంతు గీరగా పెట్టి. "మమ్మల్ని పంపాడు."

"నాయకుడి ఆజ్ఞ. లోపలికి పోయే ప్రతి బొట్టూ రుచి చూడాలంట. ఉప్పు చుక్క కలిసిందా, తెచ్చినవాడి తల ఈ గుమ్మానికే వేలాడుతుంది. వంచు." తాటన్న యువరాజు తిత్తి మూతికి దోసిలి పట్టి తాగాడు. తల ఊపాడు. తరువాత రెండోవాడి వైపు తిరిగాడు. "నీదీ వంచు."

శంపాలత చేతులు తిత్తి మూతి దగ్గర ఆగిపోయాయి. వెనక భటులు ఈటెలు ఆనించుకుని చూస్తున్నారు. పారిపోతే గొలుసు లేవదు. ఆమె మూతి విప్పి వంచింది.

తాటన్న దోసెడు నీళ్ళు నోట్లో పోసుకున్నాడు. అతడి కనుగుడ్లు కదలకుండా నిలిచిపోయాయి. బుగ్గలు ఉబ్బాయి. మసి ముఖంలోంచి తననే చూస్తున్న ఆ కళ్ళను అతడు చూశాడు. చాలాసేపు చూశాడు. తరువాత, గొంతు ముడి పైకీ కిందికీ కదిలేలా, ఆ ఉప్పునీళ్ళను గుటక వేశాడు.

"తియ్యగా ఉన్నాయి," అన్నాడు మూతి తుడుచుకుంటూ. "పోనీండ్రా వీళ్ళని. చక్రం మండపంలో నాయకుడి దగ్గరున్నోళ్ళకు దాహంగా ఉంది." ఈటె పక్కకు తీస్తూ, ఆమెకు మాత్రమే వినబడేలా గొణిగాడు: "కాలు జారేవు తల్లీ, పైమెట్లు పాకుడు పట్టి ఉన్నాయి. నేనూ వెనకే వస్తన్నా."

శంపాలత తల మరింత వంచుకుని తిత్తిని భుజం మీద సర్దుకుంది.

మెట్లన్నీ ఎక్కితే చక్రం మండపం. కొండను తొలిచి కట్టిన విశాలమైన రాతిశాల అది. నడుమ, రథచక్రాలు నాలుగు కలిపితే అయ్యేంత కొయ్యచక్రం అడ్డంగా పడుకుని ఉంది. దాని అంచు దాటి చాచిన కొయ్య ఆకుల్ని పట్టి తోయడానికి బలిసిన మల్లులు ఇరవైమంది కావాలి. ఒకపక్క గోడ అంతా తెరిచిన గవాక్షం. దానిలోంచి కింద నీటిదారి, దాని ఆవల శత్రునౌకలు అరచేతిలో రేఖల్లా కనిపిస్తున్నాయి. మల్లులు చేతులు కట్టుకుని చక్రం చుట్టూ నిలబడ్డారు. వాళ్ళ ముఖాల్లో అయోమయం దాగడం లేదు.

గవాక్షానికి ఎంత దూరంగా ఉండవచ్చో అంత దూరాన, ఎత్తైన పీఠం మీద ఆమె తండ్రి కూర్చుని ఉన్నాడు.

ఆ చెంప మీది గాటు, ఆ మీసం, మోకాలి మీద చెయ్యి ఆనించే ఆ తీరు. లోపలి మనిషి వేరని తెలిసి కూడా, ఆయన కాళ్ళ దగ్గరికి పరుగెత్తి పోవాలనిపించింది శంపాలతకు. పళ్ళు బిగించి ముందుకు నడిచింది.

"నాయకా, నౌకలు బాగా దగ్గరికొచ్చేశాయి," అంటున్నాడు ఒక మల్లుడు బతిమాలుతున్నట్టు. "సెలవిస్తే..."

"అవి మన మిత్రుల నౌకలని చెప్పలేదూ? గొలుసు మీద చెయ్యి వేసినవాడి చెయ్యి తెగుతుంది." అంటూనే మాయానాయకుడి ముక్కుపుటాలు అదిరాయి. తల విసురుగా తిప్పాడు. "ఆ తిత్తి! ఏమిటది? దాన్ని దూరంగా తీసుకుపో!"

"మంచినీళ్ళే దొరా," అంది శంపాలత. "దాహం తీర్చుకోండి!"

తిత్తి మూతి తెగింది. నీళ్ళు పడగ విప్పిన పాములా గాలిలోకి ఎగిరి అతడి ముఖం మీద విరుచుకుపడ్డాయి.

మండపం దద్దరిల్లేలా ఒక కేక. బద్దె నాయకుడి ముఖం వెన్నముద్దలా కరిగి గడ్డం మీంచి కారసాగింది. మీసం ఊడింది, గాటు చెరిగింది. దాని కింద బూడిదరంగు చర్మం, నిప్పుకణికల్లాంటి కళ్ళు, పొగగొట్టంలా నల్లబారిన గొంతు. మల్లులు "అమ్మో!" అంటూ వెనక్కి తూలారు.

"చూశారా!" అని శంపాలత పాగా లాగి పారేసింది. ఆమె జుట్టు వీపున జారింది. "మీకు ఇంతకాలం ఆజ్ఞలిచ్చింది వీడు! చక్రం పట్టండి!"

"పట్టనిస్తే కదా!" అని ధూమకంఠుడు నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి పొగ బుసబుసలాడుతూ వెలువడి పాయలు పాయలుగా చీలింది. ప్రతి పాయా ఒక పామై మల్లుల మెడలకు చుట్టుకుంది. ఊపిరాడక వాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ మోకాళ్ళ మీద పడ్డారు. అరుణకేతు తిత్తి కింద దాచిన ఖడ్గం దూసి ఒక్క దూకుతో పీఠం ఎక్కాడు. ఖడ్గం మాంత్రికుడి నడుములోంచి పోయింది, పొగలోంచి పోయినట్టే. మరుక్షణం పొగచెయ్యి ఒకటి యువరాజును ఎత్తి గోడకేసి విసిరింది.

శంపాలత ఖాళీ తిత్తితో గవాక్షం దగ్గరికి పరుగెత్తింది. సముద్రం చాలా కిందన ఉంది. తాడు కోసం వెతుకుతుండగా వెనకనుంచి ఒక గర్జన వినబడింది.

"తప్పుకో తల్లీ!"

తాటన్న! అతడి వెనక గవని భటులు, నిప్పంటుకుంటే ఆర్పడానికి కోట అడుగున నింపి ఉంచే సముద్రపు నీళ్ళ బానలను ఇద్దరేసి మోసుకుని రొప్పుతూ వచ్చారు. బానలు రాతినేల మీద భళ్ళున పగిలాయి. నీళ్ళు చీలమండలోతున మండపమంతా పరుచుకున్నాయి. పొగపాములు చిటపటలాడి తెగి పడ్డాయి. మల్లులు దగ్గుతూ, బూతులు తిడుతూ లేచారు.

ధూమకంఠుడి కాళ్ళు మోకాళ్ళ దాకా కరిగాయి. అయినా వాడు నవ్వాడు.

"తిప్పుకో పిల్లా, నీ చక్రం! మీ నాయన ఎక్కడున్నాడని అడగవేం? కాస్త ఓపిక పట్టు. నీ కళ్ళతోనే చూద్దువుగాని!"

మిగిలిన ఒళ్ళంతా ఒక్క పొగచుట్టగా మారి, గవాక్షంలోంచి దూసుకుపోయి, వస్తున్న నౌకల వైపు సాగిపోయింది.

*

"చక్రం!" అని అరిచింది శంపాలత.

మల్లులు ఆకులకు భుజాలానించారు. అరుణకేతు నుదుటి నెత్తురు మోచేత్తో తుడుచుకుని వాళ్ళ పక్కన తానూ ఒక ఆకు పట్టాడు. యువరాజు పక్కన ఎవరున్నారో, ఎవరి చెమట ఎవరి మీద పడుతోందో చూసే తీరిక ఎవరికీ లేదు. చక్రం మూలిగింది. ఇరుసు కిర్రుమంది. సముద్రగర్భంలో ఎక్కడో ఇసుకను చీల్చుకుంటూ గొలుసు కదిలింది. నీటిదారి మధ్యలో నాచు పట్టిన నల్లని కడియం ఒకటి మొసలి వీపులా తేలింది.

శరభద్వీపం నాయకనౌక అందరికంటే ముందు వస్తోంది. దాని ముందుకొన కొమ్ములు తిరిగిన శరభం తలలా చెక్కి, ఇనుప రేకులు తొడిగి ఉంది. ఆ కొమ్ముల నడుమ ఏదో తెల్లగా కనిపించింది. గవాక్షం దగ్గర నిలబడిన శంపాలత దాన్ని చూసింది. మొదట గుడ్డపీలిక అనుకుంది. తరువాత దానికి తల ఉందని తెలిసింది.

ఆ ముందుకొనకు, మోకులతో కట్టేసి, ఆమె తండ్రి ఉన్నాడు.

చక్రం పట్టినవాళ్ళలో ఒకడు ఆమె చూపు వెంట చూశాడు. "నాయకుడు! అదుగో మన నాయకుడు!" ఆ కేకతో చేతులు సడలాయి. చక్రం వెనక్కి జారింది. అరుణకేతు ఒక్కడూ ఆకును భుజంతో అడ్డుకుని, కాళ్ళు నేల మీద జారుతుండగా, నరాలు తేలిన మెడతో ఆపాడు.

"గొలుసు ఎత్తితే ఆ నౌక దాని మీదే విరుగుతుంది," అన్నాడు తాటన్న. "ముందు నలిగేది ఆ కొమ్ము. అమ్మాయీ... ఏం చేద్దాం? నువ్వు చెప్పు."

అందరూ ఆమెనే చూస్తున్నారు. శంపాలత వెనక్కి తిరిగి యువరాజును చూసింది. అతడు ఆజ్ఞ ఇవ్వగలడు. ఇవ్వలేదు. "నేను పట్టే ఉంటాను. నువ్వు ఎటంటే అటు," అన్నాడు పళ్ళ సందున.

నౌక కోటగోడకు కేక వినబడేంత దగ్గరకు వచ్చింది. అప్పుడు సముద్రపు గాలి మీద ఒక గొంతు తేలివచ్చింది. బొంగురుపోయిన గొంతు, దెబ్బలు తిన్న గొంతు. కాని మండపంలోని ప్రతి మనిషికీ తెలిసిన గొంతు. ప్రతి సాయంత్రం గొలుసు ఎత్తేటప్పుడు చక్రం ముందు నిలబడి ఆయన పాడే పదం అది.

"ఎత్తరా... హైలెస్సా! ఎగదోయ్... హైలెస్సా!"

కొమ్ముకు కట్టేసిన మనిషి, తన మీదికే గొలుసు ఎత్తమని పాడుతున్నాడు.

ఒక మల్లుడు బావురుమన్నాడు. ఏడుస్తూనే ఆకు పట్టాడు. శంపాలత గవాక్షం విడిచి వచ్చి యువరాజు పక్కన ఖాళీగా ఉన్న ఆకుకు రెండు చేతులూ ఆనించింది. పదం అందుకుంది.

"ఎత్తరా... హైలెస్సా!"

"హైలెస్సా!" అంది మండపమంతా.

చక్రం ఈసారి ఆగలేదు. కడియం వెనక కడియం, నాచు ఓడుతూ, నీళ్ళు కారుతూ, గొలుసు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు బిగుసుకుని నీటి మీదికి లేచింది. చక్రం వెనక్కి జారకుండా తాటన్న సీల దిగ్గొట్టాడు. అదే క్షణంలో నాయకనౌక నిండు తెరచాపలతో వచ్చి గొలుసును ఢీకొంది.

కొండచరియ విరిగిపడినట్టు శబ్దం. శరభం తల ఫెళ్ళున విరిగి గాలిలోకి లేచింది. తెరకొయ్య ఒరిగి నౌకలోని సైనికుల మీద కూలింది. వెనకనుంచి వస్తున్న నౌక ఆగలేక దాని పక్కలో గుచ్చుకుంది. సింహదుర్గం బురుజుల మీంచి అగ్నిబాణాలు చినుకుల్లా మొదలై జడివానయ్యాయి. ఎదురుగట్టున జనం హోరు ఆకాశాన్ని అంటింది.

శంపాలత ఆ హోరు వినలేదు. ఆమె చూపు విరిగిన శరభం తల మీదే ఉంది. అది గిరికీలు కొట్టి, గొలుసుకు ఇవతల, రేవు వైపు నీళ్ళలో పడింది. దానితో కట్టేసి ఉన్న మనిషి కూడా. ఒక చెయ్యి నీటి మీద కదిలింది. తరువాత ఇనుము తొడిగిన ఆ బరువైన కొయ్య బోర్లా తిరిగి ఆయనను కిందికి తీసుకుపోయింది.

"చెయ్యి కదిలింది!" అంది ఆమె. "బతికే ఉన్నారు!"

ఆమె తాటన్న మొలలోంచి బాకు లాక్కుని పళ్ళ మధ్య కరిచింది. అరుణకేతు ఆమె ముందుకు వచ్చాడు, ఆపడానికి కాదు. చక్రం వెనక చుట్టగా పడి ఉన్న మోకును లాక్కుని ఒక కొస ఆమె చేతికిచ్చాడు.

"రెండో కొస నా దగ్గరుంటుంది," అన్నాడు. "రెండుసార్లు లాగు. సముద్రాన్నయినా పైకి లాగుతాను."

ఆమె కొసను నడుముకు ముడివేసి, గవాక్షపు అంచు మీదికెక్కి, చేతులు జోడించి దూకింది.

నీళ్ళు చెవుల మీద చరిచి మూసుకున్నాయి. పైనున్న యుద్ధమంతా దూరపు ఉరుములా మారింది. పచ్చని మసకలో ఆమె కళ్ళు తెరిచింది. కింద, చాలా కింద, శరభం తల నెమ్మదిగా దొర్లుతూ దిగుతోంది. దాని కొమ్ముల నడుమ తండ్రి తెల్లని అంగీ అల్లాడుతోంది. నోటినుంచి బుడగలు ఒక్కటొక్కటిగా పైకి వస్తున్నాయి.

అప్పుడు అడుగున ఇసుక కదిలింది.

గొలుసు ఇంతకాలం పడుకున్న గాడి పొడుగునా ఇసుక ఉబ్బి చీలింది. ఆ చీలికలోంచి, ఏ యుగం నుంచో నిద్రపోతున్నదేదో, నౌక గొలుసును ఢీకొన్న అదురుకు మేలుకుని, రాళ్ళలాంటి పొలుసులు విదిలించుకుంటూ లేచింది. ఒక పెద్ద కన్ను, కోటగవని అంత కన్ను, తెరుచుకుని మునుగుతున్న మనిషి వైపు తిరిగింది.

శంపాలత నడుముకున్న మోకు పైనుంచి ఒకసారి బిగిసింది. తిరిగి రమ్మన్నట్టు. ఆమె బాకును పళ్ళ నుంచి చేతిలోకి తీసుకుంది. మోకును ఒక్కసారి కూడా లాగలేదు. తల కిందికి వంచి, కాళ్ళతో నీళ్ళను బలంగా తన్ని, ఆ కన్నుకంటే ముందు తండ్రిని చేరాలని అడుక్కి ఈదింది.